గ్రీజు చేతుల ఇంగ్లీషు మాస్టారు

ఇంగ్లీషు మాట్లాడటం నాకు ఏడేళ్ళకే వచ్చింది. చదవడం ముప్ఫై నాలుగేళ్ళకు వచ్చింది. మధ్యలో ఇరవై ఏడేళ్ళు ఏం చేశావయ్యా అంటే, చేతులకు గ్రీజు పూసుకుని తప్పించుకు తిరిగాను. ఆ సంగతి రాద్దామనే కూర్చున్నాను. మీలో కొందరు ఇప్పుడిప్పుడే షెడ్డుల్లో, ఆఫీసుల్లో చేరి ఉంటారు. చదివి నవ్వుకోండి, నాకేం బాధ లేదు. నవ్వడం అయ్యాక మీ సంగతి కూడా ఒకసారి చూసుకోండి.

మా అమ్మ డెల్టాలో ఒక మిషన్ ఆసుపత్రిలో వంటమనిషి. అక్కడి డాక్టరమ్మ తెల్లావిడ. మా అమ్మకు ఇంగ్లీషు రాదు, ఆవిడకు తెలుగు అంతంత మాత్రం. మధ్యలో మాటలు మోసేవాణ్ణి నేను. ఆవిడ ఇంగ్లీషులో "ఉప్పు తగ్గించమను" అంటే తెలుగులో చెప్పేవాణ్ణి. మా అమ్మ "ఈవిడకేం తెలుసు ఉప్పు సంగతి" అని తెలుగులో విసుక్కుంటే, నేను ఇంగ్లీషులో "అలాగేనంటోంది మేడమ్" అనేవాణ్ణి. ఉద్యోగంలో తర్వాత నేను చేసిన మంచీ చెడూ రెండింటికీ అక్కడే పునాది పడింది.

బడి కూడా ఆ కాంపౌండులోనే ఉండేది. కానీ నాకు బడి గోడ లోపలి వైపు కంటే బయటి వైపు ఎక్కువ నచ్చింది. లారీల వెంట పడ్డాను. క్లీనరునయ్యాను, మెకానిక్‌నయ్యాను. అంకెలు వచ్చు. గేజీలు, స్పానర్ల సైజులు, లారీ నంబర్లు చూసి చెప్పగలను. అక్షరం మాత్రం ఏ భాషలోనూ రాదు. సంతకం బొమ్మ గీసినట్టు గీసేవాణ్ణి. చర్చిలో పాటల పుస్తకం పట్టుకుని అందరికంటే గట్టిగా పాడేవాణ్ణి, అన్నీ కంఠతా వచ్చు కాబట్టి. నాకు చదువు రాదని తెలిసింది లోకంలో నా భార్యకూ, ఒక స్నేహితుడికీ మాత్రమే.

డెబ్భైల్లో విజయవాడ ఆటోనగర్‌లో ఒక కంపెనీ పవర్ టిల్లర్ల వర్క్‌షాపు పెట్టింది. దున్నల బదులు పొలం దమ్ము చేసే చేతి యంత్రం అది, రైతులకు అప్పటికి కొత్త. నేను మెకానిక్‌గా చేరాను. ఫారం ఆ స్నేహితుడే నింపాడు. ఎంతవరకు చదివావు అన్న గడిలో ఏం రాశాడో నేను అడగలేదు. ఎనిమిదో తరగతి పాస్ అని రాశాడని తర్వాత తెలిసింది. వాడి మంచితనం అది.

షెడ్డులో ఎవరైనా కాగితం ఇస్తే నా జవాబు ఒకటే. "చేతులకు గ్రీజుంది సార్, మీరే చదివేయండి." మెకానిక్ చేతులకు గ్రీజు ఉండటంలో వింత ఏముంది? లేకపోతే డబ్బాలో వేలు ముంచేవాణ్ణి. ఎవరూ అనుమానించలేదు, ఒక్క స్టోర్ కీపరు తప్ప. అతను నన్ను చూసి "ఏం గురూ, ఆదివారం కూడా గ్రీజేనా?" అనేవాడు. నేను వినిపించనట్టు పోయేవాణ్ణి.

అలా ఉండగా జపాన్ నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. నా ఈడువాడే. బక్కపలచగా, ఇస్త్రీ ఖాకీ బట్టల్లో, మెడలో తువ్వాలుతో ఉండేవాడు. ఆ తువ్వాలు చూసి మా రైతులకు ముందే నచ్చేశాడు. ఇంగ్లీషులో రాసిన మాన్యువల్ ఆయనకు నోటికి వచ్చు. ఇంగ్లీషులో ఉత్తరం రాస్తే ముత్యాలు. కానీ మనిషి ఎదురుగా నిలబడి ఇంగ్లీషులో మాట్లాడితే ఒక్క ముక్క బుర్రకెక్కేది కాదు. ఆయనకు చెవి లేదు, నాకు కన్ను లేదు. మా మేనేజరు గారికి ఈ రెండో సంగతి తెలియదు గనక నన్ను పిలిచి చెప్పారు.

"నువ్వు ఇంగ్లీషు దంచేస్తావుటగా. ఆయన వెంట ఉండు. రోజూ మాట్లాడే ఇంగ్లీషు ఆయనకు అలవాటు చెయ్యి."

"నేనాండీ?"

"మరి నేనా? నాది ఫైలు ఇంగ్లీషయ్యా. ఆయనకు కావలసింది టీ కొట్టు ఇంగ్లీషు."

ఆ రోజునుంచి జపానాయన నన్ను "టీచర్ గారు" అని పిలవడం మొదలుపెట్టాడు. గారు అన్న మాట ఆయన వచ్చిన రెండో రోజే నేర్చుకున్నాడు. స్టోర్ కీపరు వారం రోజులు నవ్వాడు. "మాస్టారూ, హాజరు వేసుకుంటారా?" అని ఎదురొచ్చేవాడు.

పాఠం టీ వేళ జరిగేది. ఆయన దగ్గర అక్కడినుంచి తెచ్చుకున్న చిన్న పుస్తకం ఉండేది, ఇంగ్లీషు నుడికారాలన్నీ అందులో ఉన్నాయట. దానికి తోడు ఒక నోటుపుస్తకం. పేజీకి మూడు గళ్ళు గీసుకున్నాడు. ఒకటి పుస్తకం ఇంగ్లీషుకు, ఒకటి డాక్టరమ్మ ఇంగ్లీషుకు, ఒకటి బెజవాడ ఇంగ్లీషుకు. ఒకే మాటను మూడు చోట్ల మూడు రకాలుగా అంటారని ఆయన కనిపెట్టాడు. నాకు అప్పటిదాకా తెలియదు.

డాక్టరమ్మ తొందరపడేవాళ్ళను "హోల్డ్ యువర్ హార్సెస్" అని కోప్పడేది. అది చెప్పాను. ఆయన అటూ ఇటూ చూసి, "గుర్రాలెక్కడ?" అన్నాడు.

"గుర్రాలేం లేవు సార్. కాస్త ఆగు అని అర్థం."

"మరి గుర్రాలు ఎందుకు వచ్చాయి?"

"ఆవిడ నాకూ చెప్పలేదు సార్."

ఆయన రాసుకుని పక్కన ప్రశ్న గుర్తు పెట్టాడు. కారణం లేని మాట ఆయనకు మింగుడు పడేది కాదు. నాకు విసుగొచ్చి, "మీ భాషలో ప్రతి మాటకూ కారణం ఉంటుందా?" అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, "ఉండదు" అని ఒప్పుకుని ఆ గుర్తు రబ్బరుతో చెరిపేశాడు. అలాంటి మనిషి.

బెజవాడ ఇంగ్లీషు నేర్పడానికి వన్ టౌన్ తీసుకెళ్ళేవాణ్ణి. ఒకసారి తాళ్ళ కోసం ఒక కొట్టుకు వెళ్ళాం. గుమాస్తా ఆయన్ను చూసి లేచి నిలబడి తన ఇంగ్లీషంతా బయటికి తీశాడు. "సార్, డూ వన్ థింగ్. కమ్ టుమారో. ఓనర్ అవుట్ ఆఫ్ స్టేషన్."

బయటికొచ్చాక రెండు తోపుడు బళ్ళ మధ్య నిలబడే నోటుపుస్తకం తీశాడు. "టీచర్ గారు, చెయ్యమన్న ఆ ఒక్క పని ఏమిటి? స్టేషను నడిచి వెళ్ళేంత దగ్గరగా ఉందే, ఓనరు దానికి బయట ఉండటంలో విశేషమేమిటి?" వెనక తోపుడు బండివాడు "దొరగారూ, పక్కకు జరగండి బాబూ, చదువు తర్వాత" అని అరుస్తున్నాడు. ఆ మాట కూడా అర్థం చెప్పమన్నాడు.

మేనేజరు గారు ఒకసారి మమ్మల్ని ఇంటికి భోజనానికి పిలిచారు. అమ్మగారు పులిహోర, గోంగూర, దోసకాయ పప్పు, ఇంకా ఏవేవో చేశారు. జపానాయన బాగా తిని, తన పుస్తకంలో మెప్పుకోలు పేజీ గుర్తు తెచ్చుకుని, "నాట్ బ్యాడ్ ఎట్ ఆల్" అన్నాడు.

అమ్మగారి మొహం మాడింది. "ఏవండీ, నచ్చలేదంటున్నాడా?"

"కాదే, బ్యాడ్ కాదంటున్నాడు."

"అంటే బాగుందని కాదుగా!"

మర్నాడు ఆయన నన్ను అడిగాడు, మీ వైపు భోజనం బాగుంటే ఏమనాలి అని. "ఏమీ అనక్కర్లేదు సార్, మళ్ళీ వడ్డించుకోవాలి" అన్నాను. తర్వాతిసారి మూడుసార్లు పులిహోర పెట్టించుకున్నాడు. అమ్మగారు ఆ తర్వాత ఆయనను "మా జపాను అబ్బాయి" అనేవారు.

పాఠం చివర ఆయన నోటుపుస్తకం నా ముందుకు తిప్పి "కరెక్టా?" అనేవాడు. నేను పేజీకేసి గంభీరంగా చూసి తల ఊపేవాణ్ణి. కొన్నిసార్లు పైనుంచి కిందికి వేలు కూడా జరిపేవాణ్ణి. మా ఇద్దరికీ తల ఊపే జబ్బుంది. ఆయన మాట్లాడుతున్న ప్రతివాడికీ, వాళ్ళ భాషలో అవునన్నట్టు, "హాయ్, హాయ్" అని తల వంచేవాడు. అన్నిటికీ ఒప్పుకుంటున్నాడనుకుని మా వాళ్ళు చాలా పనులు అయిపోయాయనుకున్నారు. దానర్థం ఒప్పుకోవడం కాదు, వింటున్నానని మాత్రమేనని నెల తర్వాత నాకు చెప్పాడు. నేనూ ఆయనకు మనవాళ్ళు "చూద్దామండీ" అంటే కాదని అర్థమని చెప్పాను. "మా ఊళ్ళోనూ అంతే, ఆలోచిస్తామంటే లేదని" అన్నాడు. కడుపుబ్బా నవ్వుకున్నాం. అప్పుడైనా నేను నా తలకాయ సంగతి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

ఒకరోజు టీ వేళ ఆయన పుస్తకం తెరవలేదు. ఏమైంది సార్ అన్నాను. జపాన్ నుంచి ఆయన పెద్ద ఆఫీసరు వస్తున్నాడట. కంకిపాడు దాటాక ఒక రైతు పొలంలో దమ్ము చేసి చూపించాలి. అదేం కష్టం అన్నాను. యంత్రం సంగతి కాదన్నాడు. ఆయనకు ఇంగ్లీషు సరిగా రాదని మొదటి నెలల్లోనే ఎవరో పైకి రాశారట. ఈసారి ఆఫీసరు స్వయంగా చూసి, ఇక్కడివాళ్ళకు ఆయన మాట అర్థం కావడం లేదనిపిస్తే వెనక్కి పంపేసి ఇంకొకరిని వేస్తాడు. ఆయనకేమో ఇక్కడే ఉండాలనుంది.

"మా నాన్న వరి రైతు. నేను చదివి ఇంజనీరునయ్యాను. అక్కడ నన్ను బల్ల ముందు కూర్చోబెట్టారు. ఇక్కడికి వచ్చాకే మళ్ళీ బురదలో కాలు పెట్టాను" అన్నాడు. ఆ మాటలన్నీ ఆగకుండా, పుస్తకం చూడకుండా, చక్కటి ఇంగ్లీషులో చెప్పాడు. చెప్పినట్టు ఆయనకు తెలియలేదు. నాకు గర్వంగా అనిపించింది.

అప్పుడు మా దగ్గర ప్రదర్శనకు రెండు టిల్లర్లు ఉండేవి. ఒకటి పాతది, కుర్రాళ్ళకు పని నేర్పి నేర్పి రంగు వెలిసింది. ఒకటి కొత్తది, ఎర్రగా మెరిసిపోయేది. ప్రదర్శనకు ముందు రోజు మా మేనల్లుడి పెళ్ళి ఉండి నేను సెలవు పెట్టాను. మర్నాడు ఆరింటికే షెడ్డుకు వచ్చాను. పెళ్ళి నుంచి వచ్చానేమో చేతులు చందనం సబ్బు వాసన. వాచ్‌మన్ ఒక కాగితం మడత ఇచ్చాడు.

"జపాను దొరగారు పెద్దాయన్ని తీసుకురావడానికి స్టేషనుకు వెళ్ళారండీ. ఇది మీ చేతికే ఇమ్మన్నారు."

విప్పి చూశాను. ముత్యాల్లాంటి అక్షరాలు, ఆరు వరసలు. అంతవరకే నాకు తెలిసింది. స్టోర్ కీపరు తాళాల గుత్తి తిప్పుకుంటూ వచ్చాడు.

"ఏం రాశాడు మాస్టారూ?"

ఇతని చేతికిస్తే క్షణంలో చదివి చెప్తాడు. మెట్రిక్ పాసయినవాడు. కానీ ఇచ్చానంటే సాయంత్రానికల్లా ఆటోనగర్ అంతా తెలుస్తుంది. వాచ్‌మన్ చూస్తున్నాడు. చేతులకేమో గ్రీజు లేదు.

"ఏముంది, ఆలస్యం చెయ్యకుండా బయల్దేరమన్నాడు" అన్నాను.

"అంతేనా? చాలా రాసినట్టున్నాడే."

"మర్యాదలెక్కువ కదా వాళ్ళకి" అని కాగితం జేబులో పెట్టుకున్నాను.

కొత్త టిల్లరు హ్యాండిలుకు ఒక అట్టముక్క కట్టి ఉంది. దానిమీద ఎర్రటి పెద్ద అక్షరాలు. పెద్దాఫీసరు వస్తున్నాడని స్వాగతం కాబోలు అనుకున్నాను. బురద అంటుకుంటుందని జాగ్రత్తగా విప్పి టూల్ బాక్సులో పెట్టాను. ఇంజను ఆయిలు చూశాను. గేర్‌బాక్సు ఆయిలు చూడలేదు, వారం కిందట నింపింది నేనే కదా అని. ఆయిలు చూడకుండా బండి తీసిన మెకానిక్‌ను మెకానిక్ అనకూడదు. ఈ మాట నా దగ్గర పని నేర్చుకున్న వాళ్ళందరికీ చెప్పాను, ఎందుకు చెప్తున్నానో మాత్రం చెప్పలేదు. కొత్తదాన్ని వ్యానెక్కించి బయల్దేరాం.

కాలువలు అప్పుడే వదిలారు. పొలం నిండా నీళ్ళు. గట్ల మీద అరవై డెబ్భై మంది రైతులు. మేనేజరు గారు తెల్ల చొక్కాలో ఉన్నారు. మద్రాసు నుంచి జపాను ఆఫీసరుతో వస్తున్న రైలు ఆలస్యం. గంట గడిచింది. పొలం రైతు పెద్దమనిషి, ఇక ఆగలేక కేకేశాడు.

"ఏవండోయ్, మీ మిషను చూపిస్తారా, మా దున్నల్ని తోలుకురమ్మంటారా?"

మేనేజరు గారు నావైపు చూసి, "మొదలుపెట్టెయ్యవయ్యా, వాళ్ళొచ్చేసరికి సగం చేసి చూపిద్దాం" అన్నారు.

మొదలుపెట్టాను. ఏం చెప్పమంటారు, మొదటి పావుగంట నా జీవితంలోనే గొప్ప పావుగంట. ఇనుప చక్రాలు బురదను వెన్నలా చిలుకుతున్నాయి. గట్టు మీద ఒకాయన "ఓర్నీ, రెండు అరకల పని చేస్తోందిరా" అన్నాడు. నేను కాలరెత్తి మలుపు తిప్పాను. అప్పుడే రోడ్డు మీద కారు ఆగింది. జపానాయన దిగాడు, ఎర్ర టిల్లరును చూశాడు, గావుకేక పెట్టాడు. అది ఇంగ్లీషు కాదు, జపాను భాష. మూడు గళ్ళలో ఏ గడిలోనూ లేనిది. మెరిసే బూట్లతో పొలంలోకి దిగి, పడుతూ లేస్తూ నావైపు పరిగెత్తుకొస్తున్నాడు. ప్రదర్శన చూసి ఉత్సాహం పట్టలేకపోయాడనుకుని నేను ఒక చెయ్యి ఊపాను.

ఆ చెయ్యి దించేలోపల గేర్‌బాక్సు ఊళ పెట్టింది. పొగ. ఒక్క కుదుపు. చక్రాలు బిగుసుకుపోయాయి. ఇక కదలలేదు.

గట్టు మీదనుంచి పెద్దమనిషి తాపీగా అన్నాడు. "నలభై ఏళ్ళ సేద్యంలో మా దున్నపోతు ఒక్కటి కూడా ఇలా పట్టెయ్యలేదయ్యా."

రైతులు ఒకటే నవ్వు. జపానాయన నా దగ్గరికొచ్చి, వగరుస్తూ, మెల్లగా అడిగాడు. "టీచర్ గారు, కాగితం ముట్టిందా?" జేబులోంచి తీసి చూపించాను. ఆయన కాగితం చూశాడు, నన్ను చూశాడు. కోప్పడలేదు. తల వంచుకుని గట్టు దగ్గరికి నడిచాడు.

పెద్దాఫీసరు తెల్లజుట్టు మనిషి. పక్కన మద్రాసు నుంచి వచ్చిన మా కంపెనీ డైరెక్టరు. జపానాయన బురద బట్టలతోనే వాళ్ళ ముందు నడుం దాకా వంగాడు. తర్వాత రైతులవైపు తిరిగి వంగాడు. వాళ్ళు కంగారుపడి లేచి దణ్ణాలు పెట్టారు. అప్పుడు అందరికీ వినపడేలా ఇంగ్లీషులో చెప్పాడు. నిన్న గేర్‌బాక్సు ఆయిలు తీసేశానని, బేరింగు అరిగిందని, కొత్తదానికి నడపొద్దని అట్ట కట్టి, పాత యంత్రం తీసుకెళ్ళమని కాగితం రాసిపెట్టానని. "నేను రాసిన ఇంగ్లీషు ఈయనకు అర్థం కాలేదు. నా ఇంగ్లీషు సరిపోదు. తప్పు నాది."

తెల్లజుట్టాయన తల నెమ్మదిగా ఊపాడు. ఏ రకం ఊపో నాకు తెలుసు. ఆయన చూడ్డానికి వచ్చింది అదే, చూసేశాడు.

నేను నోరు మూసుకుంటే చాలు. ఎవరూ నన్ను వేలెత్తి చూపరు. అర్థం కాని ఇంగ్లీషు రాసినందుకు జపానాయన ఇంటికి వెళ్ళిపోతాడు, నేను వచ్చే నెల పర్మినెంటు అవుతాను. లిస్టులో నా పేరుందని మేనేజరు గారు అప్పటికే చెప్పారు. ఇదంతా ఆలోచించడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. మోకాళ్ళ లోతు బురదలో నిలబడి ఉన్నాను. ఎంత గట్టిగా అరిచానంటే వ్యాను డ్రైవరు కూడా దిగి వచ్చాడు.

"సార్! ఆయన ఇంగ్లీషు ఫస్ట్ క్లాస్. నాకే చదవడం రాదు."

డైరెక్టరు చిరాకుపడ్డాడు. "ఇంగ్లీషులో మాట్లాడుతూ ఇంగ్లీషు రాదంటావేమిటి?"

"మాట్లాడటం వచ్చండీ. చదవడం రాదు. తెలుగు కూడా రాదు."

తెల్లజుట్టాయన నా చేతిలో కాగితం తీసుకుని విప్పి నా మొహం ముందు పెట్టాడు. "వాట్ ఈజ్ దిస్?"

"పేపర్, సార్."

గట్టు మీద మళ్ళీ నవ్వులు. తెల్లజుట్టాయన నవ్వలేదు. ఇంగ్లీషు ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. డాక్టరమ్మ వంటింట్లో, చెవులతో అన్నాను. మరి మా ఇంజనీరుకు మాట్లాడే ఇంగ్లీషు నేర్పింది ఎవరన్నాడు.

"సగం ఆయన పుస్తకం సార్. సగం నేను. కొంచెం వన్ టౌన్."

అప్పుడు నవ్వాడు. స్టేషను నుంచి ఇక్కడిదాకా ఈ డైరెక్టరుతో మా ఇంజనీరు ఇంగ్లీషులో మాట్లాడుతూనే ఉన్నాడని, అతను జపాన్‌లో కూడా అంత మాట్లాడగా తను వినలేదని అన్నాడు. డైరెక్టరు కూడా, తనకు ప్రతి ముక్కా అర్థమైందన్నాడు. తర్వాత జపాన్ వాళ్ళిద్దరూ వాళ్ళ భాషలో ఏదో అనుకున్నారు. జపానాయన మళ్ళీ వంగాడు. ఈసారి వంగి లేచిన మొహం వేరు. మధ్యాహ్నం పాత టిల్లరు తెప్పించి దమ్ము పూర్తిచేశాం. అప్పటికి రైతులు పదిమందే మిగిలారు. ఆ పెద్దమనిషి మాత్రం కదల్లేదు. "ఈ ముసలిదే నయంలా ఉందే" అన్నాడు.

మర్నాడు మేనేజరు గారు నన్ను గదిలోకి పిలిచారు. టేబుల్ మీద నా ఫారం ఉంది.

"ఎనిమిదో తరగతి పాస్ అని రాశావేమయ్యా?"

"నేను రాయలేదండీ. నాకు రాయడం రాదు కదా."

ఆయన నవ్వు ఆపుకోవడానికి మీసం సవరించుకున్నారు. కానీ మెత్తబడలేదు. పర్మినెంటు లిస్టులో నా పేరు నా ముందే కొట్టేశారు. "ఏదో ఒక రోజు ఇక్కడికొచ్చి, నేనిచ్చిన ఇంగ్లీషు పేజీ ఒకటి నాకు చదివి వినిపించు. ఆ రోజు మళ్ళీ రాస్తాను. అంతవరకు రోజు కూలీవే." అన్యాయం అనిపించలేదు. ఇప్పటికీ అనిపించదు.

బయట స్టోర్ కీపరు ఎదురుపడ్డాడు. ఏడిపిస్తాడనుకున్నాను. "నాకిస్తే చదివి పెట్టేవాణ్ణి కదయ్యా" అన్నాడు, అంతే. ఏడిపించినా బాగుండేది.

ఆ టీ వేళ జపానాయన నోటుపుస్తకం తెరిచి మొదటి పేజీ తిప్పాడు. "టీచర్ గారు, వీటన్నిటికీ మీరు తల ఊపారు" అన్నాడు. "మళ్ళీ మొదటినుంచి. నేను పైకి చదువుతాను, మీరు చెవులతో దిద్దండి. తర్వాత అదే పేజీ మీకు అక్షరాలు." అలా ఇద్దరం ఒకరి దగ్గర ఒకరం కూర్చున్నాం. మొదటి పది పేజీల్లో తప్పులు చూసి ఆయన తల పట్టుకున్నాడు. ఏడు నెలలుగా ఊరందరికీ అవే మాటలు చెప్తున్నాడు పాపం.

పనిబల్ల ఇనుపరేకు మీద సుద్దతో అక్షరాలు రాసేవాడు. ఇంటిదగ్గర నా భార్య తెలుగు అక్షరాలు దిద్దించేది. రెండు భాషలూ ఒకేసారి మొదలుపెట్టడం తెలివితక్కువ పని అన్నారు అందరూ. నిజమే. కొన్నాళ్ళు ఏ బోర్డు చూసినా సగం అటూ సగం ఇటూ చదివేవాణ్ణి. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కొట్టు బోర్డు చదవడానికి నిలబడితే, కొట్టువాడు బయటికొచ్చి "ఏం కావాలండీ, అరగంటనుంచి చూస్తున్నారు?" అన్నాడు. "ఏమీ వద్దండీ, చివరి అక్షరం ఒక్కటి మిగిలింది" అన్నాను.

తొమ్మిది నెలలకు మేనేజరు గారి గది తలుపు తట్టాను. జపానాయన ఆవేళ గుడివాడ క్యాంపులో ఉన్నాడు. వచ్చిన పని చెప్పాను. మేనేజరు గారు పేపరు తీస్తారనుకున్నాను. ఆయన లేచి బీరువాలోంచి ఒక ఫైలు తీసి, టైపు చేసిన పేజీ ఒకటి నా ముందు పెట్టారు.

వేలు కింద పెట్టి చదివాను. చెమటలు పట్టాయి. ఒక్కో మాట అక్షరం అక్షరం కూడదీసుకుని, ముందు నోటితో పలికి, చెవితో విని, అప్పుడు పోల్చుకున్నాను. అది కంకిపాడు పొలం రిపోర్టు. జపానాయన తన పెద్దాఫీసుకు రాసింది. యంత్రం ఎలా చెడిందో పైన ఉంది. కింద కారణం అన్న చోట ఇలా ఉంది. సూచన ఇచ్చిన ఇంజనీరు దాన్ని కాగితం మీద రాసి వెళ్ళిపోయాడు. తీసుకున్న మనిషికి అర్థమైందో లేదో అతను అడగలేదు. కాబట్టి బాధ్యత ఇంజనీరుది. కింద ఆయన సంతకం. పేజీ మొత్తంలో నా పేరు ఎక్కడా లేదు. మెకానిక్ అన్న మాట కూడా లేదు.

"పాసయ్యావు" అన్నారు మేనేజరు గారు.

"ఇది తప్పండీ."

"ఏది? బాగానే చదివావుగా."

"చదవడం కాదండీ. రాసింది తప్పు. నేను పొలంలో అందరి ముందూ చెప్పాను కదా."

"చెప్పావు. ఆయన ఇలాగే రాశాడు. నేనూ అడిగాను. మా దగ్గర పద్ధతి ఇంతే అన్నాడు."

"పెన్ను ఇస్తారా అండీ?"

"ఆఫీసు కాగితమయ్యా అది. దానిమీద ఇంకేం రాయకూడదు" అన్నారు ఆయన. అని, పెన్ను టేబుల్ మీద పెట్టి, బీరువా వైపు తిరిగి ఏదో వెతకడం మొదలుపెట్టారు. ఆ బీరువాలో వెతకడానికి అంతసేపు ఏమీ లేదు.

ఆయన సంతకం కింద ఖాళీలో, పెద్ద పెద్ద అక్షరాలతో, ఇంగ్లీషులో ఒక వాక్యం రాశాను. నేను పుట్టాక రాసిన మొదటి వాక్యం అదే. నేనూ అడగలేదు, అని. దాని కింద నా పేరు రాశాను, గీయలేదు.

మేనేజరు గారు ఇటు తిరిగి, అద్దాలు పెట్టుకుని చదివారు. సిరా ఇంకా తడిగా ఉంది. బ్లాటింగ్ కాగితం తీసి మెల్లగా అద్ది, ఫైలు మూసి బీరువాలో పెట్టారు.